కెమెరా కొనాలా, ఉన్న ఫోన్ చాలా? డబ్బు పెట్టేముందు ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

"అన్నా, యాభై అరవై వేలల్లో మంచి కెమెరా ఒకటి చెప్పవా" అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే, మీ ఫోన్‌లో ఏ ఫోటో సరిగా రావట్లేదు అని. సగం మంది దగ్గర దీనికి జవాబుండదు. క్లారిటీ కావాలంటారు, వెనకాల బ్లర్ అవ్వాలంటారు, మా ఫ్రెండ్ కొన్నాడంటారు. ఇలా కొన్న కెమెరాలు మూడో నెలకి బీరువా పైకెక్కడం చాలా ఇళ్ళల్లో చూశాను.

ఫోన్‌ని తక్కువ అంచనా వెయ్యకండి. జపాన్ కంపెనీలన్నీ కలిపి 2010లో 12 కోట్లకి పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి పంపితే 2023 వచ్చేసరికి అది 80 లక్షలు కూడా లేదు. జనం ఫోటోలు మానేశారా అంటే లేదు, ఇంకా ఎక్కువ తీస్తున్నారు, జేబులో ఉన్నదాంతోనే. అలాగని కెమెరా పనైపోయింది అనుకుంటే అదీ తప్పే, ఫోన్ చేతులెత్తేసే చోట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, అవి మీకు వారం వారం ఎదురవుతున్నాయా లేక ఏడాదికోసారి వచ్చిపోతాయా అన్నది తేలాలి. అది మీ గ్యాలరీయే చెప్తుంది, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే చాలు.

1. చెడిపోయిన ఫోటోలు ఏరండి

యూట్యూబ్ రివ్యూలు తర్వాత చూద్దురు గానీ, ముందు ఫోన్ తీసి గత ఏడాదిలో "అబ్బా, ఇది సరిగ్గా వచ్చుంటే ఎంత బాగుండేది" అనిపించిన ఫోటోలు ఓ ముప్పై నలభై ఏరి ఒక ఆల్బమ్‌లో వెయ్యండి. బాగా వచ్చినవి ఇక్కడ పనికిరావు. మీ ఫోన్‌తో తీసిన ఒరిజినల్స్ అయ్యుండాలి, వాట్సాప్‌లో వచ్చినవాటికి మనకి కావాల్సిన వివరాలు పోతాయి.

ఇప్పుడు ఒక్కోటీ తెరిచి ఫోటోని వేలితో పైకి జరపండి. గూగుల్ ఫోటోస్‌లో అయినా ఐఫోన్‌లో అయినా కింద కొన్ని అంకెలు కనిపిస్తాయి, షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు పడిందో), ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు ఫోన్ బొమ్మని ఎంత పెంచిందో), లెన్స్ ఎంఎం (పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి). చాలామంది వీటిని జన్మలో చూసుండరు, కానీ సమాచారమంతా అక్కడే ఉంది.

ఉదాహరణకి ఇంట్లో రాత్రి ట్యూబ్‌లైట్ కింద పాప సోఫా మీద గెంతుతుంటే తీశారనుకోండి, మొహం అలుక్కుపోయి ఉంది. అంకెలు చూస్తే షట్టర్ 1/25, ఐఎస్ఓ 1250. ఇప్పుడు పాప వెనకాల సోఫా కవర్ మీద డిజైన్ జూమ్ చేసి చూడండి. అది నీటుగా ఉండి పాప ఒక్కతే అలుక్కుపోతే మీ చెయ్యి వణకలేదు, పాప కదిలింది, సెకనులో ఇరవై అయిదో వంతు అంటే గెంతే పిల్లకి చాలా ఎక్కువ టైమ్. సోఫా కూడా అలుక్కుపోతే వణికింది మీ చెయ్యి. సోఫా డిజైన్ నీటుగా ఉంది, పాప మొహమూ ఆకారం సరిగ్గానే ఉంది, కానీ బుగ్గలు మైనం పూసినట్టున్నాయంటే వెలుతురు చాలక వచ్చిన నాయిస్‌ని, అంటే ఇసక చల్లినట్టుండే చుక్కల్ని, ఫోన్ రుద్దేసింది. చూడ్డానికి మూడూ "క్లారిటీ లేదు" అనే అనిపిస్తాయి, కానీ మూడింటికీ మందు వేరు.

ఇలా చూస్తూ నాలుగు కుప్పలు వెయ్యండి. కదలిక వల్ల పోయినవి, దూరం నుంచి జూమ్ చేస్తే పోయినవి, చీకటి వల్ల పోయినవి, నాలుగోది మన పొరపాటు వల్ల పోయినవి, అంటే వెనక కిటికీ ఉండి మొహం నల్లబడ్డం, లెన్స్ మీద జిడ్డు, తల తెగిపోవడం, వంకరగా రావడం లాంటివి. చాలామందికి ఈ నాలుగోదే పెద్ద కుప్ప అవుతుంది. దీనికి లక్ష రూపాయల కెమెరా కొన్నా ఫలితముండదు, ఎందుకంటే ఆ కెమెరా పట్టుకునేదీ మనమే.

2. నాలుగో కుప్పని పైసా ఖర్చు లేకుండా తగ్గించండి

లెన్స్ తుడవండి. నవ్వొద్దు, ఫోన్ ఫోటోలు పాలిపోయినట్టు రావడానికి, లైట్ల చుట్టూ గీతలు రావడానికి ఎక్కువ సార్లు కారణం ఇదే, పొద్దున్నుంచి జేబులో, వంటింట్లో, పిల్లల చేతుల్లో తిరిగిన గాజు అది. మెత్తటి కాటన్ గుడ్డ చాలు.

తర్వాత మొహం మీద ఒకసారి తట్టండి, పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కొంచెం కిందకి లాగితే వెలుతురు తగ్గుతుంది. మన ఫోన్లు మామూలుగా అవసరానికి మించి తెల్లగా తీస్తాయి, పట్టుచీర జరీ అంతా తెల్లటి మచ్చలా అయిపోవడం అందుకే. కాస్త తగ్గించి తీస్తే రంగు నిలబడుతుంది. అక్కడే వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అయిపోతాయి, స్టేజి మీద లైట్లు మారుతున్నా ఫోటో ఎగిరెగిరి పడదు.

ఇంట్లో మనిషి ఫోటో అయితే ట్యూబ్‌లైట్ ఆపేసి గుమ్మం దగ్గరో కిటికీ పక్కనో కూర్చోబెట్టండి, వెలుతురు ఒక చెంప మీద పడేట్టు. ఇది చెప్తే ఎవరూ నమ్మరు గానీ ఒక్కసారి చేసి చూశాక సగం మంది కెమెరా ఆలోచన మానేస్తారు.

మనిషిని దగ్గరగా తియ్యాలంటే 1ఎక్స్‌లో మొహం మీదకి పోకండి, రెండడుగులు వెనక్కెళ్ళి 2ఎక్స్ కానీ 3ఎక్స్ కానీ పెట్టండి. ఫోన్ మెయిన్ లెన్స్ చాలా వెడల్పు, ఇప్పటి ఫోన్లలో 24 ఎంఎం దగ్గర ఉంటుంది, దాంతో మొహానికి దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 0.5 ఎక్స్‌తో గ్రూప్ ఫోటో తీస్తే చివర నిలబడ్డవాళ్ళు పక్కకి సాగిపోతారు, పెళ్ళి ఫోటోలో అత్తయ్యగారిని చివర నిలబెట్టి 0.5లో తియ్యడం లాంటి పని ఇంకోటి లేదు, ఆవిడ జీవితంలో క్షమించరు.

బ్యూటీ మోడ్ ఆపెయ్యండి, చాలా ఫోన్లలో అది ముందే ఆన్ అయ్యి వస్తుంది. 200 మెగాపిక్సెల్ అని బాక్స్ మీద రాసుంది కదా అని ఎప్పుడూ అందులోనే తియ్యక్కర్లేదు, అలాంటి సెన్సర్ (లెన్స్ వెనకాల బొమ్మని పట్టే చిప్) మామూలుగా పదహారు పిక్సెల్స్‌ని కలిపి ఒకటి చేసి 12.5 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది, తక్కువ వెలుతురులో అదే మంచిది. 12 మెగాపిక్సెల్ అంటే దాదాపు 4000 x 3000 పిక్సెల్స్, అంగుళానికి 300 చుక్కల లెక్కన 13 x 10 అంగుళాల ప్రింట్ నీటుగా వస్తుంది. ఇంట్లో గోడకి ఇంకేం కావాలి.

ఇక నైట్ మోడ్. గూగుల్ 2018లో పిక్సెల్ ఫోన్లలో నైట్ సైట్ తెచ్చినప్పట్నుంచి అన్ని కంపెనీలూ ఇదే దారి పట్టాయి, వరసగా బోలెడు ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి నాయిస్ తగ్గిస్తుంది. కదలనివాటికి అద్భుతం, చార్మినార్‌కి, దీపాల వరసకి, రాత్రి పూట ట్యాంక్‌బండ్‌కి. మనుషులు కదిలే చోట మాత్రం ఆపెయ్యండి, లేకపోతే చేతులు దయ్యాల్లా వస్తాయి.

ఇలా రెండు వారాలు తీసి మళ్ళీ చెడిపోయినవి ఏరండి. ఇప్పటికీ మిగిలినవి ఏ కుప్పలో ఉన్నాయో అదే మీ అసలు సమస్య.

3. మీ ఫోన్ జూమ్ నిజమా కాదా చూడండి

దూరం కుప్ప పెద్దగా ఉన్నవాళ్ళకి ఈ పరీక్ష. 3ఎక్స్ లేదా 5ఎక్స్ లెన్స్ ఉన్న ఫోన్ అయితే పగటిపూట డాబా మీదకెళ్ళి దూరంగా ఉన్న వాటర్ ట్యాంక్ మీదకి పెట్టి జూమ్ నొక్కండి. ఇప్పుడు వెనకాల ఒక్కో లెన్స్‌నీ వేలితో మూస్తూ స్క్రీన్ చూడండి. ఏది మూస్తే స్క్రీన్ నల్లబడిందో ఆ లెన్స్ పని చేస్తున్నట్టు. ఇదే పరీక్ష రాత్రి ఇంట్లో చెయ్యండి, గోడ గడియారం మీదకి 3ఎక్స్ పెట్టి. చాలా ఫోన్లలో అప్పుడు టెలిఫోటో లెన్స్, అంటే ఆ జూమ్ లెన్స్, మూసినా స్క్రీన్ మారదు, మెయిన్ లెన్స్ మూస్తే నల్లబడుతుంది. అంటే వెలుతురు తగ్గగానే ఫోన్ మనకి చెప్పకుండా మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తోంది. స్కూల్ యాన్యువల్ డే వీడియోలు అలా పిండి పిండిగా ఎందుకొస్తాయో ఇక్కడే అర్థమైపోతుంది.

టెలిఫోటో లెన్సే లేని ఫోన్ అయితే 2ఎక్స్ దాటాక ఉన్నదంతా కత్తిరింపే, పరీక్ష కూడా అక్కర్లేదు.

4. ఇప్పుడు కొంచెం లెక్క, తప్పదు

షాపులో చెప్పని ముక్క ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

ఖరీదైన ఫోన్ల మెయిన్ సెన్సర్ ఇప్పుడు సుమారు 9.8 x 7.3 మిల్లీమీటర్లు. మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ 23.5 x 15.6 మిల్లీమీటర్లు, కెనాన్‌లో ఇంకాస్త చిన్నది. ఫుల్ ఫ్రేమ్ (ఖరీదైన కెమెరాల్లో ఉండే పెద్ద సెన్సర్) 36 x 24. వైశాల్యం లెక్కేస్తే ఏపీఎస్-సీ ఫోన్ కన్నా దాదాపు ఐదు రెట్లు, ఫుల్ ఫ్రేమ్ పన్నెండు రెట్లు. మధ్య రకం ఫోన్ అయితే తేడా ఇంకా పెరుగుతుంది. ఇది చూసి "మరింకేం, కెమెరానే" అనుకుంటాం. ఆగండి, లెన్స్ సంగతి తేలలేదు.

ఫోన్ లెన్స్ ఎఫ్ 1.8 చుట్టుపక్కల తెరుచుకుంటుంది. కెమెరాతో ఉచితంగా ఇచ్చినట్టు ఇచ్చే 18-55 కిట్ లెన్స్ వెడల్పు వైపు ఎఫ్ 3.5, జూమ్ చేస్తే ఎఫ్ 5.6. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, వెలుతురు తగ్గుతుంది. సెన్సర్ సైజుల తేడా కలిపి అన్నీ ఫుల్ ఫ్రేమ్ లెక్కలోకి మారిస్తే మంచి ఫోన్ మెయిన్ కెమెరా సుమారు ఎఫ్ 6.3తో సమానం, కిట్ లెన్స్ వెడల్పు వైపు సుమారు ఎఫ్ 5.3. చూశారా, దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. పైగా ఫోన్ పది ఫ్రేములు కలుపుతుంది, కెమెరా మామూలుగా ఒక్కటే తీస్తుంది. అందుకే కొత్త కెమెరా కొన్న మొదటి రోజు హాల్లో కుటుంబం ఫోటో తీసి, పక్కనే ఫోన్‌తో తీసి, రెండూ చూసుకుని "ఇదేంటి, ఫోన్‌దే బాగుంది" అని మొహం వేలాడేసుకునేవాళ్ళు అంతమంది. కెమెరా చెడ్డది కాదు, ఆ లెన్స్‌తో ఆ పనికి అది ఫోన్ కన్నా పెద్దగా ముందు లేదు, అంతే.

అదే కెమెరాకి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తగిలించండి. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఎఫ్ 2.7 అవుతుంది. కిట్ లెన్స్ జూమ్ చివర ఇచ్చే వెలుతురు కన్నా దాదాపు తొమ్మిది పది రెట్లు ఎక్కువ. ఇప్పుడు కిట్ లెన్స్‌తో షట్టర్ 1/25 వచ్చే చోట 1/250 పెట్టుకోవచ్చు, గెంతే పాప గాల్లో ఆగిపోతుంది, వెనకాల సోఫా సాఫ్ట్‌వేర్ కత్తిరించిన బ్లర్‌లా కాకుండా దానంతటదే కరిగిపోతుంది, వెంట్రుకల అంచులు తెగిపోవు. కెమెరా అంటే జనం ఊహించుకునే ఫోటో ఇదే, అది బాడీ (లెన్స్ తీసేసిన ఒట్టి కెమెరా) నుంచి రాదు, లెన్స్ నుంచి వస్తుంది. కెనాన్ పాత ఈఎఫ్ మౌంట్ (లెన్స్ బాడీకి తగిలే బిగింపు) 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పది వేల చుట్టుపక్కల దొరుకుతుంది, అరవై వేలు బాడీ మీద పోసేసి కిట్ లెన్స్‌తో సరిపెట్టుకోవడం కన్నా పాత బాడీ, మంచి లెన్స్ అనేదే నా ఓటు, దీని మీద ఎంత వాదించినా నేను మారను.

దూరం సంగతికొస్తే కెమెరా ఇంకా తేలిగ్గా గెలుస్తుంది. ఫోన్ టెలిఫోటో వెనకాల ఉండే సెన్సర్ మెయిన్ దానికన్నా బాగా చిన్నది, అక్కడ మామూలు 55-250 లెన్స్ కూడా ఫోన్‌ని వెనక్కి నెట్టేస్తుంది.

5. మీ సందర్భాలతో సరిచూసుకోండి

సంక్రాంతి ముగ్గులు, భోజనం విస్తరి, అరకు లోయ, పాపికొండల బోటు, ఇంటి కాగితాలు, పగటిపూట మనుషులు, వీటికి ఫోన్ చాలు, ఇంకో మాట లేదు. ముగ్గుని మాత్రం నిలబడి ఏటవాలుగా కాకుండా డాబా ఎక్కి పిట్టగోడ మీంచి నిటారుగా కిందకి తియ్యండి. గుళ్ళలో, మ్యూజియంలలో కెమెరా బ్యాగ్ చూడగానే సెక్యూరిటీ ఆపుతాడు, ఫోన్‌ని చూసీ చూడనట్టు వదిలేస్తాడు, ఇది కూడా లెక్కలోకి వేసుకోవాల్సిందే. తిరుమల ఆలయం లోపలికైతే రెండూ రానివ్వరు కాబట్టి పేచీ లేదు.

బతుకమ్మ దగ్గర సంగతి వేరు. చీకటి పడ్డాక, కాలనీలో కట్టిన ఎల్ఈడీ లైట్ల కింద, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ ఆడే ఆడవాళ్ళు, ఫోన్‌కి కష్టమైనవన్నీ ఒకేచోట. ఫోనే ఉంటే నైట్ మోడ్ ఆపి, వాళ్ళు వంగి చప్పట్లు కొట్టి లేచే ముందు ఒక చిన్న ఆగుడు ఉంటుంది, అది పట్టుకుని బర్స్ట్‌లో, అంటే ఆగకుండా వరసగా, ఫోటోలు తియ్యండి, పదిలో ఒకటి నిలుస్తుంది. కెమెరాకి 35 ఎంఎం ఎఫ్ 1.8 ఉంటే 1/200 షట్టర్, ఐఎస్ఓ 3200 పెట్టుకుని హాయిగా తీసుకోవచ్చు.

స్కూల్ యాన్యువల్ డే అయితే మీరు పదిహేనో వరసలో, పిల్లాడు స్టేజి మీద. స్టేజి మీద వెలుతురు బాగానే ఉంటుంది, చుట్టూ చీకటి, ఫోన్ ఆ చీకటిని చూసి మొత్తం పెంచేస్తుంది, పిల్లాడి మొహం తెల్లటి బిళ్ళ అయిపోతుంది. మొహం మీద తట్టి వెలుతురు బాగా కిందకి లాగండి. ఫ్లాష్ ఆపండి, అది రెండు మూడు మీటర్లు దాటదు, ముందు కూర్చున్నవాళ్ళ తలలే వెలుగుతాయి. ఇలాంటివి ఏడాదికి ఒకట్రెండే ఉంటాయి కాబట్టి దీనికోసం కొనడం కన్నా అద్దెకి తెచ్చుకోవడం నయం.

ఇక పక్షులు. ఉప్పలపాడులో కొంగలు, కొల్లేరు ఆటపాక, నేలపట్టు దగ్గర గూడబాతులు, పులికాట్ ఫ్లెమింగోలు, వీటి మీద మనసు పడ్డవాళ్ళు ఫోన్‌తో కుస్తీ పట్టకండి, టైమ్ వేస్ట్. 250 కానీ 300 ఎంఎం కానీ కావాలి, ఎగిరే పక్షికి 1/1000 పైన షట్టర్ కావాలి. 83ఎక్స్ జూమ్ అని అమ్మే బ్రిడ్జ్ కెమెరాలు (లెన్స్ మార్చలేనివి) ఉన్నాయి, పగటి ఎండలో సరదాగా ఉంటాయి, చందమామ మీది గుంటలు కూడా కనిపిస్తాయి, కానీ లోపలి సెన్సర్ మంచి ఫోన్ మెయిన్ సెన్సర్ కన్నా చిన్నది, సాయంత్రమైతే చేతులెత్తేస్తాయి, తెలిసి కొనుక్కోండి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి మాత్రం నేను కెమెరా వైపే మొగ్గుతాను. పిల్లలు ఆగరు, ఇంట్లో వెలుతురుండదు, ఆ రెండేళ్ళు మళ్ళీ రావు. అయితే కెమెరా అల్మరాలో తాళం వేసి పెట్టకండి, టీవీ పక్కన, లెన్స్ తగిలించి, బ్యాటరీ వేసి, చేతికందేలా ఉండాలి. బ్యాగ్ జిప్ తియ్యాలంటేనే మనం ఫోన్ తీసేస్తాం.

6. కొనేముందు రెండ్రోజులు చేతిలో పట్టుకోండి

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో కెమెరాలు రోజు లెక్కన అద్దెకిచ్చే షాపులున్నాయి, ఐడీ, డిపాజిట్ అడుగుతారు. ఊళ్ళో ఫోటో స్టూడియో ఆయన తెలిసినవాడైతే ఇంకా మంచిది, పెళ్ళిళ్ళ సీజన్ లేనప్పుడు పాత బాడీ ఒకటి ఇస్తాడు. శుక్రవారం తెచ్చుకుని ఆదివారం దాకా ప్రతీ చోటికీ మెడలో వేసుకెళ్ళండి, కూరగాయల మార్కెట్‌కి కూడా. మీకు ఫోటోలెలా వచ్చాయన్నది రెండో సంగతి, ఆదివారం సాయంత్రానికి దాన్ని మోస్తున్నారా ఇంట్లో వదిలేసి వెళ్ళారా అన్నది మొదటి సంగతి. వదిలేసి వెళ్తే ఇంక కొనకండి, ఆ డబ్బులో కొంత కలిపి టెలిఫోటో ఉన్న మంచి ఫోన్ తీసుకోండి, అదే ఎప్పుడూ మీతో ఉంటుంది.

7. సెకండ్‌హ్యాండ్ కొంటే ఇవి చూడండి

కంపెనీలు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) వైపు వెళ్ళిపోయాయి కాబట్టి పాత డీఎస్ఎల్ఆర్‌లు (అద్దం ఉన్నవి) చవకయ్యాయి, మనకి అదే లాభం. కెనాన్ 200డీ, నికాన్ డీ5600 లాంటివి రోజువారీ ఫోటోలకి ఇప్పటికీ చక్కగా సరిపోతాయి. వీడియో కూడా ముఖ్యమైతే, కన్ను మీద ఆటోఫోకస్ పట్టుకునే మిర్రర్‌లెస్సే మేలు, సోనీ జెడ్‌వీ-ఈ10, కెనాన్ ఆర్50 లాంటివి.

చూసేటప్పుడు ఫోన్ టార్చ్ వెలిగించి లెన్స్‌లోకి ఒక వైపు నుంచి కొట్టి రెండో వైపు నుంచి చూడండి. సాలీడు గూడులా సన్నటి పోగులు కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గిస్తానన్నా వద్దు. ఒకట్రెండు దుమ్ము కణాలు పర్లేదు. తర్వాత ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడని తియ్యండి, మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము, క్లీనింగ్‌తో పోతుంది, బేరానికి పనికొస్తుంది. మచ్చ కాకుండా గీత కనిపిస్తే వదిలెయ్యండి. అన్ని బటన్లూ నొక్కి, అన్ని డయల్స్ తిప్పి, మీ కార్డు వేసి, ఒక యాభై ఫోటోలు తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసి అప్పుడు డబ్బివ్వండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి, చాలా మోడల్స్‌లో చూసుకునే దారి ఉంది. ఒరిజినల్ బిల్లు, సీరియల్ నంబర్ సరిపోవాలి. బిల్లు లేని ఇంపోర్ట్ సరుకు చవగ్గా వస్తుంది కానీ మన దగ్గర కంపెనీ వారంటీ ఆశించకండి.

లెన్స్ ఎంచుకునేటప్పుడు ఇంటి సైజు చూసుకోండి. ఏపీఎస్-సీ మీద 50 ఎంఎం 75-80 ఎంఎం లాగా పని చేస్తుంది, చిన్న గదిలో మీరు గోడకి ఆనుకున్నా మొహమూ భుజాలే వస్తాయి. ఇంట్లో పిల్లలకైతే 35 ఎంఎం ఎఫ్ 1.8, ఆరుబయట మనుషులకైతే 50.

8. మొదటి నెల సెట్టింగ్‌లు

మాన్యువల్ మోడ్‌లోనే తియ్యాలి, రా (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైలు) లోనే తియ్యాలి, లేకపోతే ఫోటోగ్రాఫర్ కాదు అనేవాళ్ళ మాట వినకండి. డయల్ మీద అపర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం మనం ఎంచుకుంటే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) పెట్టండి, కెనాన్‌లో ఏవీ, మిగతా చాలావాటిలో ఏ అని ఉంటుంది. మనిషొక్కడే అయితే ఎఫ్ 2, నలుగురైతే ఎఫ్ 4, గుంపైతే ఎఫ్ 5.6. ఐఎస్ఓ ఆటో, గరిష్ఠం 6400. చాలా కెమెరాల్లో ఆటో ఐఎస్ఓలోనే కనీస షట్టర్ అని ఉంటుంది, పిల్లలకి 1/250, మామూలుగా 1/125. ఈ ఒక్క సెట్టింగ్ చేస్తే మొదటి కుప్ప సగం పోతుంది. జేపెగ్‌లోనే (మామూలు ఫోటో ఫైలు) తియ్యండి, ఎడిటింగ్ మీద మనసైతే అప్పుడు రా సంగతి చూసుకోవచ్చు, ఫోన్లో స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్ చాలు.

ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోలో నల్ల చారలు, వీడియోలో రెపరెపలు వస్తే కెమెరా పాడైందని కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తొద్దు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి. ఫోన్ వీడియోకి కూడా ఇదే, ప్రో మోడ్‌లో 1/50 పెట్టి చూడండి, సెకనుకి 25 ఫ్రేములు ఉంటే ఇంకా మంచిది.

9. తీసినవి ఫోన్‌లోకి తెచ్చుకోవడం, ఇంట్లో దాచుకోవడం

సగం కెమెరాలు మూలపడేది ఇక్కడే. ఫోటో తీసిన రాత్రే ఫోన్లోకి రాకపోతే ఇంక రాదు. కంపెనీల వైఫై యాప్‌లు పని చేస్తాయి కానీ ఒక్కోసారి కనెక్ట్ అవ్వడానికి సతాయిస్తాయి, టైప్-సీ కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కోండి, కార్డు తీసి ఫోన్‌కి గుచ్చితే నిమిషంలో పని అయిపోతుంది. కార్డు పేరున్న కంపెనీది, నమ్మకమైన షాపులోనే తీసుకోండి, నకిలీవి చాలా తిరుగుతున్నాయి. ఫోటోలు రెండు చోట్ల కాపీ అయ్యాకే కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి.

బంధువులకి పంపేటప్పుడు వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్ అని పంపండి. మామూలుగా పంపితే బాగా కుదించేస్తుంది, అంత కష్టపడి తీసినదాన్ని చూసి "ఫోన్‌లో తీశావా" అని అడుగుతారు. డాక్యుమెంట్ తెరవడం పెద్దవాళ్ళకి ఇబ్బందైతే కనీసం హెచ్‌డీ బటన్ నొక్కి పంపండి.

దాచడానికి లెదర్ బ్యాగ్ వాడొద్దు, తేమ పట్టుకుంటుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో, వానాకాలంలో ఎక్కడైనా, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అందులో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి, రంగు మారే రకం అయితే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. వాడకుండా నెలల తరబడి పెట్టేట్టయితే బ్యాటరీ తీసి విడిగా ఉంచండి, లెన్స్‌ని అప్పుడప్పుడూ బయటికి తీసి కాసేపు వెలుతురు తగలనివ్వండి.